పాత హోండా ఎస్2000 స్పోర్ట్స్ కారుకి సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టే పంపు) బిగించి ట్రాక్ మీద నడపొచ్చా?

నడపొచ్చు, కానీ బూస్ట్, అంటే అది నెట్టే గాలి ఒత్తిడి, తక్కువగా ఉంచాలి. 1999లో వచ్చిన ఈ 2 లీటర్ల ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే నిష్పత్తి) 11:1, జపాన్ మోడల్‌లో 11.7:1. అసలే అంత బలంగా నొక్కే సిలిండర్‌లోకి ఇంకా గాలి కుక్కితే వేడి పెరిగి, మంట చేరేలోపే మిగతా పెట్రోల్ మిశ్రమం దానంతటదే పేలుతుంది. అదే నాకింగ్. డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తుంది. పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిపోయేది దానివల్లే.

రోడ్డు మీద కాసేపు లాగితే తట్టుకునే ఇంజిన్‌ను ట్రాక్ మీద 20 నిమిషాలు ఏకబిగిన తిప్పితే, ల్యాప్ ల్యాప్‌కీ గాలి, ఆయిల్ వేడెక్కుతాయి. అందుకే లోపలికి వెళ్లే గాలిని చల్లార్చే మంచి ఇంటర్‌కూలర్, ఆయిల్ కూలర్, నాకింగ్‌ను తట్టుకునే హై ఆక్టేన్ పెట్రోల్, స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించిన ట్యూనింగ్ తప్పనిసరి. నేనైతే సూపర్‌ఛార్జర్‌ను ఇంకా వేగంగా తిప్పే చిన్న పుల్లీ వేసి బూస్ట్ పెంచే ముందు ఆ డబ్బు కూలింగ్ మీదే పెడతాను.