ఎముకల గురించి రాస్తున్న యువ రచయిత్రికి

మైలాపూరు, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, మానవ అస్థిపంజరం మీద నువ్వు పంపిన వ్యాసాన్ని ఆసాంతం చదివాను. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళమో ఇంగ్లీషో చదివే ఇక్కడి మన పిల్లలకు ఈ విషయాన్ని సొంత భాషలో అందించాలన్న నీ పట్టుదల నాకెంతో సంతోషం కలిగించింది. అయితే ఎముకల నిర్మాణాన్ని ఒక అధ్యాయంగా, వాటి విధులను మరో అధ్యాయంగా విడదీయడం వల్ల మొదటి సగం పేర్ల పట్టికగా మిగిలిపోయింది. ఈ రెండింటినీ కలిపి రాయి. ఏ ఎముక ఆకారం చెప్పినా, అది అలా ఎందుకుందో ఆ పక్క వాక్యంలోనే చెప్పు.

పెద్దవారిలో 206 ఎముకలున్నాయనీ, వాటిలో 80 తల, వెన్ను, ఛాతీ భాగాలకూ, 126 కాళ్లూ చేతులకూ, వాటిని మొండేనికి కలిపే భాగాలకూ చెందుతాయనీ ఒక్క వాక్యంలో చెబితే చాలు. పుట్టినప్పుడు 300కు దగ్గరగా ఉండే భాగాలు ఎదిగే కొద్దీ కలిసిపోయి ఆ సంఖ్యకు వస్తాయన్న సంగతి దగ్గర మాత్రం కాసేపు ఆగు. పసిబిడ్డకు మాడు ఇంకా పూడలేదని మన ఇళ్లలో పెద్దవాళ్లు తల జాగ్రత్తగా పట్టుకోమంటారు కదా. కాన్పు వేళ తల ఇరుకు దారిలో ఒదగడానికీ, ఆ తర్వాత మెదడు పెరగడానికీ పుర్రె ఎముకల మధ్య ఆ సందు ఉండి తీరాలి.

అస్థిపంజరాన్ని ఇంటి స్తంభాలతో పోల్చావు. దాన్ని తీసెయ్యమని నా సలహా, ఎందుకంటే స్తంభం విరిగితే తనంతట తాను అతుక్కోదు, మోసే బరువు పెరిగిందని గట్టిపడదు. ఎముక ఈ రెండూ చేస్తుంది. పాత ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టు కణాలూ, కొత్త ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టు కణాలూ జీవితాంతం పక్కపక్కనే పనిచేస్తూ, పెద్దవారిలో ఏటా సుమారు పదో వంతు ఎముకను మారుస్తూ ఉంటాయి. మోసే బరువును బట్టి ఎముక తన లోపలి అమరికను మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో ప్రతిపాదించాడు. నెలల తరబడి మంచం పట్టినవారి ఎముకలు పలచబడటానికీ, బరువు లేని స్థితిలో గడిపే వ్యోమగాముల ఎముకలు బలహీనపడటానికీ కారణం ఇక్కడే దొరుకుతుంది.

దీన్ని పుస్తకంలో చదివి ఊరుకోవద్దు. మటన్ కొట్టుకు వెళ్లి కాలి ఎముకను చివరిదాకా నిలువునా కోయించి చూడు. నడిమి భాగంలో గట్టి గోడా, దాని లోపల మూలుగ నిండిన గొట్టమూ కనిపిస్తాయి. కీలు దగ్గరికి వచ్చేసరికి గోడ పలచబడి, లోపలంతా సన్నటి ఎముక పుల్లల అల్లిక ఉంటుంది. మన తొడ ఎముక పైభాగంలోనూ ఆ పుల్లలు అడ్డదిడ్డంగా ఉండవు, తుంటి మీద పడే ఒత్తిడి ఏ దారిన కిందికి దిగుతుందో ఆ దారి వెంటే బారులు తీరి ఉంటాయి. అలాగే శుభ్రం చేసిన కోడికాలి ఎముకను కొన్నాళ్లు వెనిగర్‌లో నానబెట్టు. ఖనిజం కరిగిపోయి, మిగిలిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ చేతిలో మెత్తగా వంగుతుంది. ఖనిజం వల్ల గట్టిదనమూ, కొల్లాజెన్ వల్ల పెళుసుగా విరగకుండా ఉండే గుణమూ వస్తాయని రాయడానికి అప్పుడు నీకు వేరే ఆధారం అక్కర్లేదు.

ఆ ఖనిజం కాల్షియం, ఫాస్ఫేటులతో ఏర్పడింది. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనూ పళ్లలోనే ఉంటుంది. గుండె కొట్టుకోవడానికీ కండరాలు ముడుచుకోవడానికీ రక్తంలో కాల్షియం తగ్గకూడదు గనుక, అది తగ్గినప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోన్ ఎముకల నుంచి దాన్ని విడిపిస్తుంది. ఇక్కడ మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని తప్పక తలుచుకో. భీమవరంలో పుట్టి, సెంట్రల్ స్టేషన్‌కు ఎదురుగా ఉన్న మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డ్ చేరిన ఆయన, అక్కడి సైరస్ ఫిస్క్‌తో కలిసి, ఫాస్ఫేటులో ఉండే ఫాస్ఫరస్‌ను రక్తమూత్రాల్లో కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఈ ఊరి పిల్లలకు ఆ పేరు తెలియాలి.

రక్తకణాలు ఎర్రమజ్జలో, అంటే ఎర్రటి మూలుగలో, పుడతాయన్నది బాగానే రాశావు. పెద్దవారిలో అది ముఖ్యంగా తుంటి, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకల్లో ఉంటుందని చేర్చు. కీళ్ల దగ్గర భుజాన్నీ తుంటినీ పక్కపక్కన పెట్టు. భుజం గుంత లోతు తక్కువ కనుక చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, కానీ తేలిగ్గా జారుతుంది. తుంటి గుంత లోతైనది కనుక కదలిక తగ్గినా ఒళ్లంతటి బరువును నిలుపుతుంది.

వెన్నెముక భాగాన్ని ఈ పద్ధతిలో మళ్లీ రాసి ముందుగా నాకు పంపు. చిన్నతనంలోని 33 పూసల్లో కిందివి కలిసిపోయి పెద్దయ్యాక 26 ఎముకలు కావడమూ, పూసల మధ్య మృదులాస్థి బిళ్లలు అదురును తట్టుకోవడమూ, బిడ్డ మెడ నిలిపే వేళకు మెడ వంపు, నిలబడి నడిచే వేళకు నడుము వంపు స్పష్టపడటమూ అందులో రావాలి.

శుభాభిలాషలతో,
మీ పెద్దనాన్న