కత్తి మీద సంతకం నకిలీదని తేలితే కేసు దేని మీద నిలబడుతుంది?

ప్రశ్న: లాయర్ గారూ, మాది వరంగల్. జపాన్‌లోని చీబాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్న ఒక తెలుగు అన్నయ్య నన్ను సొంత తమ్ముడిలా చూసుకునేవారు. పాత జపాన్ కత్తులు సేకరించే సరదా ఆయన వల్లే అబ్బింది. హైదరాబాద్ వెళ్లిపోతూ 2024 అక్టోబర్‌లో తన కతనా ఒకటి నాకు 9 లక్షల యెన్‌లకు ఇచ్చారు. ‘ఇది యోసోజాయెమోన్ సుకేసదా చేసింది, 500 ఏళ్ల నాటిది, నీకు కాబట్టి ఈ రేటు’ అని వాట్సాప్‌లో పెట్టారు. 6 లక్షలు బ్యాంకులో వేశాను, 3 లక్షలు చేతికిచ్చాను. రిజిస్ట్రేషన్ కార్డు, ఒక పాత ఆకుపచ్చ సర్టిఫికెట్ ఇచ్చారు. 2025 మేలో టోక్యోలోని కత్తుల పరిరక్షణ సంఘం పరీక్షకు పెడితే, కత్తి మీద చెక్కిన తయారీదారు సంతకం నకిలీ అని తిప్పి పంపారు. ఆయన ఫోన్ ఎత్తడం లేదు. పది నెలలుగా ఇదే టెన్షన్, మా ఆవిడకు కూడా చెప్పలేదు. సంతకం చెరిపించి మళ్లీ పరీక్షకు పెడితే వేరే పేరుతో సర్టిఫికెట్ వస్తుందని ఇక్కడి డీలర్ ఒకాయన అంటున్నారు. సామానులో కలిపి ఇండియా పంపించు, నేను అమ్మిపెడతానని మా బావ అంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. ఎందుకు వద్దో తర్వాత చెబుతాను.

మీ ఉత్తరంలో ముప్పాతిక భాగం ఆయన ఇంట్లో మీరు తిన్న పండగ భోజనాల గురించే ఉంది. ఇక్కడ అచ్చు వేసేటప్పుడు అదంతా తీసేశాం. కోర్టుకు దానితో పనిలేదు. ఆయన మంచివాడా, మోసగాడా అన్నది కూడా మొదటి ప్రశ్న కాదు. ఏమని చెప్పి అమ్మారు, ఆ మాట ఎక్కడ రాసి ఉంది, అది నిజం కాదని మీకు తెలిసి ఎన్నాళ్లైంది, తెలిశాక మీరు ఏమని తెలియజేశారు? ఈ దావాకు ఇంతే కావాలి. అదృష్టం బాగుండి మొదటి దానికి జవాబు మీ ఫోన్‌లోనే ఉంది.

మీరు బలమైన ఆధారం అనుకుంటున్న రిజిస్ట్రేషన్ కార్డుకు ఈ విషయంలో బలం లేదు. జపాన్‌లో తుపాకులు, కత్తుల నియంత్రణ చట్టం 1958లో వచ్చింది. కళావస్తువుగా రిజిస్టర్ అయిన కత్తిని ఇంట్లో ఉంచుకోవచ్చని చెప్పడమే ఆ కార్డు పని. దాన్ని ఇచ్చేది అక్కడి జిల్లా పాలనలోని విద్యా మండలి. కత్తి రకం, పొడవు, వంపు, పిడి మేకు కోసం ఎన్ని రంధ్రాలున్నాయి, పిడి లోపలి భాగం మీద ఏమని చెక్కి ఉంది, ఇవే రాస్తారు. చెక్కి ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తారు తప్ప ఆ సంతకం అసలుదా కాదా అని ఎవరూ పూచీ పడరు. సంతకం నకిలీదైనా కార్డు మాత్రం అసలుదే.

మీరు పంపిన కార్డు ఫొటోలో ‘బిషూ ఒసాఫునే సుకేసదా’ అని మాత్రమే ఉంది. బిజెన్ ప్రాంతంలోని (బిషూ అన్నా అదే) ఒసాఫునేలో, మురోమాచి కాలం చివర్లో, అంటే సుమారు 500 ఏళ్ల కిందట, సుకేసదా పేరుతో కత్తులు చేసినవాళ్లు ఎందరో. ఎడతెగని యుద్ధాల రోజులవి. కుప్పలు తెప్పలుగా చేసి పంపిన మామూలు కత్తుల మీద కూడా ఆ పేరు కనిపిస్తుంది. వాళ్లలో యోసోజాయెమోన్ అనే సొంత పేరు కూడా చెక్కిన పనివాడిది వేరే స్థాయి, వేరే ధర. ఆ పేరు మీ కత్తి మీద లేదు, కార్డులో లేదు. అది ఉన్నది ఆయన పెట్టిన మెసేజ్‌లో మాత్రమే. మీ కేసుకు ప్రాణం అదే. ‘సుకేసదా అని సంతకం ఉన్న కత్తి’ అని మాత్రమే రాసి అమ్మి ఉంటే, నేను మీకు ఇంత పెద్ద జవాబు రాసేవాణ్ని కాదు.

ఆకుపచ్చ కాగితం ఆయనకు పనికొస్తుంది, మీకు కాదు. మీ కత్తిని పరీక్షించిన సంఘమే, 1948లో ఏర్పడింది, పాత పద్ధతిలో ఇచ్చిన సర్టిఫికెట్ అది. 1982లో ఆ పద్ధతి పోయి ఇప్పుడున్న హొజోన్, తొకుబెత్సు హొజోన్ అనే సర్టిఫికెట్ల వరస వచ్చింది. పాత ఆకుపచ్చ కాగితాలను ఈ రంగంలో తెలిసినవాళ్లెవరూ గుడ్డిగా నమ్మరు. ‘ఆ కాగితం చూసి నేనూ నమ్మాను, నాకేం తెలుసు’ అని ఆయన అనొచ్చు. అది నిజమే కావచ్చు కూడా. అయినా ఫరవాలేదు. చెప్పిన వస్తువు ఒకటి, ఇచ్చిన వస్తువు మరొకటి అయినప్పుడు అమ్మినవారి మనసులో ఏముందో కొన్నవారు నిరూపించనక్కర్లేదు. జపాన్ సివిల్ కోడ్ అదే చెబుతుంది. మన సరుకుల అమ్మకం చట్టం 1930, సెక్షన్ 15 కూడా వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలంటుంది. అందుకే చీటింగ్ కేసు పెట్టమని చెప్పడం లేదు. ఆ కేసులో అమ్మిన రోజునే దురుద్దేశం ఉందని చూపించాలి. పైగా విదేశంలో జరిగిన నేరానికి ఇక్కడ విచారణ జరగాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. బెదిరించడానికి పెట్టే కేసు బెదిరింపుగానే మిగిలిపోతుంది.

ఇక గడువు. జపాన్ సివిల్ కోడ్ ఆర్టికల్ 566 ప్రకారం వస్తువు చెప్పినట్టు లేదని తెలిసిన నాటి నుంచి ఏడాది లోపు ఆ సంగతి అమ్మినవారికి తెలియజేయాలి. మీకు తెలిసింది 2025 మేలో. 2026 మే దాటితే ఈ దారి మూసుకుపోయినట్టే. అమ్మినవారికి ముందే తెలుసనీ, లేదా ఘోరమైన నిర్లక్ష్యం వల్ల తెలుసుకోలేదనీ మీరు చూపించగలిగితే ఆ ఏడాది అడ్డురాదు. కానీ చూపించే భారం మీదే. మోసం, పొరపాటు కింద ఒప్పందం రద్దు కోరడానికి వేరే నిబంధనలున్నాయి, వాటికి గడువు ఎక్కువే. సులువైన దారి చేతిలో ఉండగా వాటి జోలికి ఎందుకు?

‘వాట్సాప్‌లో చెప్పాను కదా’ అని రాశారు. చెప్పలేదు. మీరు పంపిన స్క్రీన్‌షాట్ నా ముందుంది: ‘అన్నా, కత్తి విషయం ఒకసారి మాట్లాడాలి, వీలైనప్పుడు కాల్ చేయండి.’ దాని కింద రెండు నీలం టిక్కులు. ఆయన చదివారు, నిజమే. అందులో లోపం ఏమిటో ఒక్క ముక్క లేదు. పది నెలలు మొహమాటపడి మీరు పంపింది ఇది! ఇవాళే ఇలా పంపండి: ‘2024 అక్టోబర్‌లో యోసోజాయెమోన్ సుకేసదా అని చెప్పి 9 లక్షల యెన్‌లకు మీరు నాకు అమ్మిన కత్తి, రిజిస్ట్రేషన్ నంబర్ ఫలానా, 2025 మేలో పరీక్షలో సంతకం నకిలీ అని తేలింది. మీరు చెప్పిన వస్తువు ఇది కాదు. కొనుగోలు రద్దు చేసుకుంటున్నాను. కత్తిని జపాన్‌లో మీరు చెప్పిన మనిషికి అప్పగిస్తాను, నా 9 లక్షల యెన్‌లు తిరిగి ఇవ్వండి.’ ఇదే విషయం మెయిల్‌లో పెట్టండి. హైదరాబాద్‌లో ఒక లాయర్ ద్వారా, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో లీగల్ నోటీసు కూడా పంపించండి. లాయర్ దొరికేదాకా అని మెసేజ్ పంపడం వాయిదా వేయకండి.

మీ స్నేహితులెవరో ‘ఇండియాలో మూడేళ్లు టైముంది’ అని చెప్పే ఉంటారు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 11 ప్రకారం విదేశంలో కుదిరిన ఒప్పందం మీద ఇక్కడ దావా వేస్తే ఇక్కడి గడువే వర్తిస్తుంది కాబట్టి ఆ మాట కొంతవరకు నిజం. కానీ అది దావా వేయడానికి ఉన్న గడువు. జపాన్ చట్టంలోని ఏడాది గడువు వేరు, అది హక్కు నిలుపుకోవడానికి ఇవ్వాల్సిన నోటీసుకు సంబంధించింది. ఆయన తరఫు లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. మూడేళ్లను కూడా కొన్న తేదీ నుంచే లెక్కపెట్టుకోండి, అంటే 2027 అక్టోబర్. మోసం తెలిసిన రోజు నుంచి లెక్కించమని సెక్షన్ 17 కింద అడిగే వీలుంది గానీ, కాలదోషం మీద వాదించుకునే పరిస్థితి మీ అంతట మీరు తెచ్చుకోకండి.

ఇప్పుడు ఆ డీలర్ సలహా. వ్యాపారంగా చూస్తే ఆయన చెప్పింది వింత కాదు. నకిలీ సంతకం తీసేసి, సంతకం లేని కత్తిగా మళ్లీ పరీక్షకు పెట్టడం ఆ రంగంలో ఉన్నదే. దావా వేయబోయే మనిషి మాత్రం ఆ పని చేస్తే తన కేసును తన చేత్తో చంపుకున్నట్టే. కోర్టుకు మీరు చూపించాల్సిన నకిలీ సంతకమే లేకుండా పోతుంది. అంతకన్నా ముఖ్యం, జపాన్ సివిల్ కోడ్ ఆర్టికల్ 548: ఒప్పందం రద్దు చేసే హక్కున్నవాడు వస్తువును కావాలని గానీ నిర్లక్ష్యంతో గానీ బాగా పాడుచేసినా, మార్చి వేరే వస్తువుగా చేసినా ఆ హక్కు పోతుంది. పైగా కార్డులో రాసిన సంతకం కత్తి మీద లేకపోతే రిజిస్ట్రేషన్‌తో ఇంకో తలనొప్పి. పిడి లోపలి భాగాన్ని నూనెగుడ్డతో రుద్దడం కూడా మానండి. అక్కడి తుప్పు మీ సాక్షి. చెక్కిన గీతల లోపల తుప్పు రంగు, చుట్టూ ఉన్న తుప్పు రంగు ఒకటేనా కాదా అని నిపుణులు చూస్తారు. పాత ఇనుము మీద కొత్తగా చెక్కిన గీత అక్కడే బయటపడుతుంది. పక్కనుంచి వెలుతురు పడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి.

మీ బావ సలహా అంతకన్నా ప్రమాదం. జపాన్ నుంచి పాత కత్తి బయటికి పోవాలంటే అక్కడి సాంస్కృతిక వ్యవహారాల సంస్థ ఎగుమతి ధ్రువపత్రం ఇవ్వాలి, రిజిస్ట్రేషన్ కార్డు వెనక్కి అప్పగించాలి. ఇక్కడ ఆయుధాల చట్టం 1959 సెక్షన్ 10 కింద లైసెన్సు లేకుండా ఆయుధం దేశంలోకి తేకూడదు. కత్తి కూడా ఆయుధమే. ‘ఇంటి అలంకరణ సామాను’ అని రాసి పంపితే కస్టమ్స్ జప్తుతో పాటు మీ మీద క్రిమినల్ కేసు. అమ్మినాయనేమో హాయిగా పక్కకు తప్పుకుంటారు.

మీ తప్పులు రెండు. కత్తి చేతికొచ్చిన 20 రోజుల్లోగా, కార్డు ఇచ్చిన విద్యా మండలికి యజమాని మారినట్టు తెలియజేయాలి. మీరు చేయలేదు. ఉత్తరంలో ‘ఫార్మాలిటీ అనుకున్నా’ అని రాశారు. కత్తి ఎవరి దగ్గర నుంచి ఎప్పుడు వచ్చిందో సర్కారు కాగితం మీద ఎక్కే ఒకే ఒక్క చోటు అది. ఆలస్యమైనా ఇప్పుడైనా పంపండి, తేదీ ఉన్నదున్నట్టు రాయండి, వెనక్కి దిద్దకండి. దానికి ముందు కత్తి మొన నుంచి వీపు వైపు గాటు దాకా సూటిగా కొలిచి కార్డులోని పొడవుతో సరిపోతుందో లేదో చూడండి. సరిపోకపోతే ఆ కార్డు ఈ కత్తిది కాకపోవచ్చు, అది ఇంకో పెద్ద సమస్య. రిజిస్టర్ కాని కత్తి దగ్గరుంటే అక్కడ 3 ఏళ్ల దాకా జైలు లేదా 5 లక్షల యెన్‌ల దాకా జరిమానా. అలాంటప్పుడు ముందు జపాన్ లాయర్‌ను కలిసి, తర్వాతే మండలికి రాయండి.

రెండోది ఆ 3 లక్షల నగదు. రసీదు లేదు. తమ్ముడిలా చూసుకున్నారని రసీదు అడగడం నామోషీ అనుకున్నారు కాబోలు. ‘మొత్తం 9 ముట్టాయి’ అనో, ‘మిగతా 3 రేపు క్యాష్’ అనో ఏదైనా మెసేజ్ ఉందేమో వెతకండి. ఆ రోజు ఏటీఎంలో తీసిన లెక్క బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, అదీ కొంత ఆధారమే. ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి, ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే తీసేయండి. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ లేకుండా స్క్రీన్‌షాట్ ప్రింట్లు తెస్తే కోర్టు పక్కన పెడుతుంది.

దావా హైదరాబాద్‌లోనే వేయండి, ఆయన ఉండేది అక్కడే. జపాన్‌లో గెలిచినా ఆ తీర్పును ఇక్కడ నేరుగా అమలు చేయించలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఏ కింద మన ప్రభుత్వం గుర్తించిన దేశాల్లో జపాన్ లేదు. ఆ తీర్పు పట్టుకుని ఇక్కడ మళ్లీ దావా వేయాల్సిందే. జపాన్ చట్టం ఏమిటన్నది ఇక్కడి కోర్టులో నిపుణుడి ద్వారా రుజువు చేయాలి కాబట్టి అక్కడి లాయర్ నుంచి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. సంఘం వారి ఫలితం తేదీతో సహా కాగితం మీద ఉండాలి. అది కోర్టుకు ఒక అభిప్రాయం మాత్రమే, ఇంకో నిపుణుడి చేత కూడా రాయించండి. మీ నాన్నగారి పేర పవర్ ఆఫ్ అటార్నీ టోక్యోలోని మన ఎంబసీలో చేయించొచ్చు. అది ఇండియా చేరిన 3 నెలల్లో స్టాంపు వేయించాలి. అయితే కత్తి కొన్న కథ మీకు తెలుసు గానీ ఆయనకు తెలియదు. సాక్ష్యం మీరే చెప్పాలి, వీడియోలో అయినా సరే.

మీ ఆవిడకు ఇవాళే చెప్పండి, నోటీసు అందిన మర్నాడే అవతలి వాళ్ల ఇంటి నుంచి ఫోన్ వచ్చేది ఆవిడకే. దావాకు ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కేసుగా లోక్ అదాలత్‌కు పెట్టుకునే వీలుంది. కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. రాజీకి కూర్చునే ముందు, సంతకం నకిలీ అని తెలిసిన స్థితిలో ఈ కత్తి ఎంత పలుకుతుందో ఒకరిద్దరు డీలర్ల దగ్గర రాయించుకోండి. సంతకం దొంగదైనంత మాత్రాన కత్తి పాతది కాకుండా పోదు, దానికీ ఒక ధర ఉంటుంది. 9 లక్షల్లోంచి ఆ ధర తీసేయగా మిగిలేది అడిగి కత్తి మీరే ఉంచుకున్నా అది చట్టం ఒప్పుకునే పరిష్కారమే. ఆ అంకె రాయించుకునేది మాత్రం సంతకం చెరిపించమన్న డీలర్ దగ్గర కాదు.