అమ్మా, ఆ పైసలెందుకిచ్చిండు? (పిల్లలూ ఓటూ: మీ ప్రశ్నలకి జవాబులు)

ప్రశ్న: అక్కా నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. సర్పంచ్ ఎలక్షన్లప్పుడు ఒకాయన రాత్రిపూట వచ్చి మా అత్తమ్మ చేతిల పైసలు పెట్టి పోయిండు, అత్తమ్మ పోపుల డబ్బాల దాచింది. తొమ్మిదేండ్ల మా పాప చూసి ఎందుకిచ్చిండు అనడిగితే, బాకీ తీర్చిండు అని చెప్పిన. తెల్లారి ఓటేసి వచ్చినంక నువ్వెవరికేసినవ్ అని ఒకటే తల తిన్నది. ఇసొంటివి పిల్లలకి ఎట్ల చెప్పాలె?

జవాబు: ముందు ఆ బాకీ కథ వెనక్కి తీసుకోండమ్మా, తొమ్మిదేళ్ల పిల్లంటే అన్నీ అర్థమయ్యే వయసు. ఓటు తనకెయ్యమని ఇచ్చాడు, అలా ఇవ్వడం తప్పు, తీసుకోవడం కూడా తప్పే, చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు పడొచ్చు, నానమ్మ మొహమాటానికి కాదనలేకపోయింది అని ఉన్నదున్నట్టు చెప్పేయండి. అలాగని నానమ్మని దొంగని చేసి నిలబెట్టొద్దు. ఆ డబ్బుని అయిదేళ్లకి భాగిస్తే రోజుకి రూపాయే పడుతుంది అనే లెక్క వాట్సాప్‌లో ఎప్పట్నుంచో తిరుగుతోంది గానీ పిల్లలకి అది ఎక్కదు, రూపాయైనా ఊరికే వస్తోంది కదా అంటారు. "డబ్బు తీసుకో, ఓటు నీకిష్టమైనోళ్లకెయ్" అని పెద్దోళ్లు తెలివిగా అంటుంటారే, అది మాత్రం పిల్ల ముందు అనకండి, దాంట్లోంచి పిల్ల నేర్చుకునేది మాటిచ్చి ఎగ్గొట్టడమే.

ఎవరికేశావ్ అన్నదానికి ఒక పని చేయండి. మీ పంచాయతీ ఎలక్షన్లో సర్పంచ్‌కి గులాబీ బ్యాలెట్, వార్డు మెంబర్‌కి తెల్లది ఇస్తారు కదా, ఇంట్లో అలాంటి కాగితాలే కత్తిరించి ఉంగరం, కత్తెర బొమ్మలు పాప చేతే గీయించండి, పేర్లు మాత్రం రాయొద్దు. తలుపు చాటుకి ఒక్కొక్కళ్లే వెళ్లి సీసా మూత సిరాలో ముంచి గుర్తు మీద అద్ది, మడిచి డబ్బాలో వేసి రావాలి, నానమ్మతో సహా. తర్వాత పాపనే లెక్కపెట్టమనండి. ఏది ఎవరి కాగితమో తనకే తెలియదు, ఆ రాత్రి వచ్చినాయనకీ అలాగే తెలియదు అని అప్పుడు చెప్తే టక్కున పట్టుకుంటుంది. ఎవరికేశామో చెప్పకూడదని ఏం లేదు, మన ఇష్టమైతే చెప్పుకోవచ్చు, చెప్పి తీరాలని అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదు, మొగుడికైనా అత్తకైనా.

ఆడపిల్ల కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పండి. 1951-52లో మన దేశంలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల కోసం ముందుగా ఓటర్ల లిస్టు రాస్తుంటే చాలామంది ఆడవాళ్లు పేరు చెప్పకుండా ఫలానా ఆయన భార్యని, ఫలానా వాడి తల్లిని అని రాయించుకున్నారు, సొంత పేరు లేకపోతే కుదరదని దాదాపు 28 లక్షల మందిని లిస్టులోంచి తీసేశారు. మా స్కూల్లో ఇది చెప్పినప్పుడల్లా ఆడపిల్లలు "వాళ్లకి పేర్లు లేవా టీచర్" అని గొడవ గొడవ చేసేవాళ్లు.

అయితే ఇదంతా ఒక్క రోజు ముచ్చట. నా దృష్టిలో అసలు చూపించాల్సింది గ్రామసభ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణలో రెండు నెలలకోసారి పెట్టాలి, చాలా ఊళ్లలో సంతకాలతో సరిపెడతారు, అది వేరే సంగతి. ఈసారి పాపని తీసుకెళ్లి మీ పక్కన కూర్చోబెట్టుకోండి. చెత్త ట్రాక్టరు ఎందుకు రావట్లేదు, వీధి లైటు ఎప్పుడేస్తారు అని మీరు లేచి అడగండి, జవాబు రాకపోయినా పర్లేదు, అమ్మ నిలబడి సర్పంచ్‌ని అడిగింది అన్నది పిల్ల చూస్తుంది చూడండి, అది వంద పాఠాల పెట్టు.

ప్రశ్న: మేడం, మాది గుంటూరు. ముగ్గురు మగపిల్లలు. ఆదివారం టిఫిన్ ఏంటో ఓటింగ్ పెడదామని మొదలెట్టాం. పెద్దాడు చిన్నోడికి చాక్లెట్ ఇచ్చి చెయ్యి ఎత్తించుకుని ప్రతివారం పూరీయే గెలిపిస్తున్నాడు. నవ్వాలో తిట్టాలో తెలీట్లేదు.

జవాబు: నవ్వుకోండి, తర్వాత రీపోలింగ్ పెట్టండి. చేతులెత్తించడమే మీ ఇంట్లో వచ్చిన చిక్కు, చీటీలు పెట్టి చూడండి, చాక్లెట్ తిన్న చిన్నోడు ఇడ్లీకి వేస్తాడేమో పెద్దాడికి గ్యారంటీ ఉండదు, రెండు వారాల్లో ఆ బేరం దానంతటదే ఆగిపోతుంది. ఓడిపోయిన నడిపోడు అలిగితే అలగనివ్వండి గానీ వాడి కోసం రిజల్ట్ మార్చకండి, ఓటు పెట్టి తర్వాత మీకు నచ్చింది చేసేదానికంటే అసలు పెట్టకపోవడం నయం. మందులు, స్కూలు, నిద్ర టైము మీద ఓటింగ్ ఉండదని ముందే తేల్చి చెప్పండి. ఇద్దరు కలిసి మూడోవాడి సైకిల్ లాక్కుందామని తీర్మానం పెట్టే రోజు కూడా వస్తుంది, ఎంత మెజారిటీ ఉన్నా కొన్ని లాక్కోకూడదు, అందుకే మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులని విడిగా రాసి పెట్టారు అని ఆ రోజు చెప్పండి, టెన్త్ సోషల్ కంటే బాగా ఎక్కుతుంది.

ప్రశ్న: పదేళ్ల బాబుని పోలింగ్ బూత్‌లోకి తీసుకెళ్లొచ్చా? (కాకినాడ నుంచి ఒక నాన్న)

జవాబు: రూల్ ప్రకారం ఓటరు చంకలో ఉన్న పసిపిల్లలకే లోపలికి అనుమతి అండి. నేను ఎలక్షన్ డ్యూటీలు చేసినప్పుడు మరీ చిన్నపిల్లలైతే చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లం, పదేళ్లంటే మాత్రం లోపల కూర్చునే పార్టీల ఏజెంట్లు ఊరుకోరు. బయట క్యూ దాకా తీసుకెళ్లండి, వీవీప్యాట్‌లో, అంటే ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే మిషన్‌లో, చీటీ 7 సెకన్లు కనపడి పడిపోయింది, బీప్ వచ్చింది అని వచ్చాక చెప్పండి. ప్రచారానికి మాత్రం జెండా ఇచ్చి పంపకండి, పిల్లల్ని వాడొద్దని 2024లో ఎలక్షన్ కమిషన్ పార్టీలకి గట్టిగానే చెప్పింది. ఇంట్లో 17 నిండిన పిల్లలెవరైనా ఉంటే ఓటరుగా పేరు చేర్చమని అడిగే ఫారం 6 ముందే పెట్టుకోవచ్చు, 18 నిండాక జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తారీఖుల్లో ఏది ముందొస్తే దాన్నిబట్టి పేరు ఎక్కుతుంది.