అప్పు చేసి సబ్‌స్క్రిప్షన్ కొనవద్దు

ప్రశ్న: విజయవాడలో చిన్న దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సేవ అందిస్తున్నాను. నా ఆరు సర్వర్లూ ఇంకా సెంటాస్ 7 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే ఉన్నాయి. భద్రత కోసం, డబ్బు కట్టి వాడే రెడ్ హ్యాట్ లినక్స్‌కు మారమంటున్నారు. మూడేళ్ల సబ్‌స్క్రిప్షన్‌కు రూ.2.4 లక్షలట. ఒక రుణ యాప్ 24 శాతం వడ్డీకి వెంటనే ఇస్తానంటోంది. చేతిలో రూ.70 వేలు ఉన్నాయి. ఇంటికీ ఆఫీసుకూ కలిపి నెల ఖర్చు కూడా అంతే. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. సెంటాస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి కాబట్టి మారాలన్న మీ తొందర సరైనదే. కానీ మారడానికి అప్పు ఎందుకు? ఉచితంగా దొరికేదాన్ని పక్కన పెట్టి, డబ్బు కట్టినదే భద్రమని నమ్మి వడ్డీల్లో కూరుకుపోతున్న చిన్న వ్యాపారులు చాలామంది. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

లెక్క చూడండి. ఆ అప్పుకు నెలకు దాదాపు రూ.9,400 చొప్పున 36 నెలలు కట్టాలి. వడ్డీయే సుమారు రూ.99 వేలు. మీ దగ్గరున్నది ఒక్క నెల ఖర్చు. ఇద్దరు ఖాతాదారులు బిల్లు ఆలస్యం చేసినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరినా వాయిదా తప్పుతుంది. అప్పుడు ఆ వాయిదా కోసం మరో యాప్ తెరుస్తారు. నిమిషాల్లో వచ్చే అప్పుతో వ్యాపారం నడపాలనుకోవడం నాకు బొత్తిగా మింగుడుపడదు.

సబ్‌స్క్రిప్షన్ సొమ్ముకు వచ్చేవి అప్‌డేట్లు, ఎంచుకున్న స్థాయిని బట్టి సాంకేతిక సహాయం. ఉచితంగా దొరికే అల్మాలినక్స్ 9 దాదాపు రెడ్ హ్యాట్ లాంటి వ్యవస్థే. భద్రతా అప్‌డేట్లు 2032 మే వరకు ఉచితం. రాకీ లినక్స్ కూడా అలాంటిదే. ఉబుంటు ప్రో అనే మరో లినక్స్ సేవ ఉచితంగా అయిదు యంత్రాలకే వర్తిస్తుంది, మీవి ఆరు. ఉచితమన్నంత మాత్రాన పని తగ్గదు: ముందు పూర్తి బ్యాకప్ తీసి, అది తిరిగి తెరుచుకుంటోందో లేదో సరిచూసి, అంతగా ముఖ్యం కాని సర్వర్‌తో మొదలుపెట్టండి. మీకు చేతకాకపోతే తెలిసినవారికి రోజు కూలి ఇచ్చి చేయించండి. ఆ ఖర్చు ఈ నెల రాబడిలోంచే పెట్టండి, ఆ రూ.70 వేలను తాకవద్దు.

అసలు పని అత్యవసర నిధి. మీకు ఆరు నెలల ఖర్చు, అంటే రూ.4.2 లక్షలు ఉండాలి. యాప్‌కు కట్టాలనుకున్న ఆ రూ.9,400ను నెలనెలా బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఉన్న రూ.70 వేలతో కలిపి 36 నెలలకు అసలే రూ.4.08 లక్షలు అవుతుంది; వడ్డీతో లక్ష్యం దాటుతారు. అదే మొత్తం, అవే నెలలు. కాకపోతే మొదటి నెల నుంచే డబ్బు మీ చేతిలో ఉంటుంది. అది పూర్తయ్యేదాకా కొత్త కంప్యూటర్లు, కొత్త ఆఫీసు, మ్యూచువల్ ఫండ్లు ఏవీ వద్దు. ఆరోగ్య బీమా మాటే మీరు రాయలేదు. లేకపోతే కుటుంబమంతటికీ వర్తించే పాలసీ ఈ నెలలోనే తీసుకోండి.

రేపు ఏ పెద్ద ఖాతాదారుడైనా రెడ్ హ్యాట్ ఉండి తీరాలని ఒప్పందంలో రాయిస్తే, ఆ ఒక్క సర్వర్‌కు, ఒక్క ఏడాదికే కొనండి. ఆ ధరను అతని బిల్లులో కలిపి ముందే వసూలు చేయండి.