వాజూ ఏజెంటును తీసేదెలా?

ప్రశ్న: మా ఉబుంటు, రెడ్ హ్యాట్, విండోస్ సర్వర్లలో వాజూ సెక్యూరిటీ ఏజెంటు ఉంది. ఫోల్డరు డిలీట్ చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. ఫోల్డరు పోయినా సర్వీసు నమోదు మిగులుతుంది, ప్యాకేజీ ఇంకా ఉందనే సిస్టమ్ అనుకుంటుంది. అన్సిబుల్ లాంటి ఆటోమేషన్ టూల్ ఏదైనా ఏజెంటును తిరిగి వేసేలా పెట్టి ఉంటే, ముందు దాన్ని ఆపండి. లేకపోతే మీ శ్రమంతా వృథా.

ఉబుంటులో సర్వీసు ఆపి, ప్యాకేజీలు వేసి తీసే కమాండు ఆప్ట్‌తో రిమూవ్ చేసేటప్పుడు పర్జ్ కూడా కలపండి. ఒట్టి రిమూవ్ అయితే కాన్ఫిగరేషన్ ఫైళ్లు ఉండిపోతాయి. రెడ్ హ్యాట్‌లో అదే పనికి యమ్ రిమూవ్. ఆ తర్వాత /var/ossec ఫోల్డరు చూడండి, అందులో క్లయింట్ కీ ఫైలు మిగలొచ్చు. దాన్ని తప్పక తీసేయండి: ఆ మెషిన్‌ను క్లోన్ చేసి ఏజెంటు మళ్లీ వేస్తే, రెండు సర్వర్లు ఒకే గుర్తింపుతో వచ్చి అలర్టులు కలగాపులగమవుతాయి. విండోస్‌లో యాప్స్ జాబితా నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలు.

ఏజెంట్లన్నిటినీ చూసుకునే వాజూ మేనేజర్ సర్వర్లో ఈ ఏజెంటు పేరు తీయడం మాత్రం చివరే. ముందే తీస్తే, ఇంకా నడుస్తున్న ఏజెంటు కొత్త కీతో మళ్లీ నమోదైపోవచ్చు. అసలు తీయకపోతే డిస్‌కనెక్టెడ్ అని కనిపిస్తూనే ఉంటుంది, నిజంగా పడిపోయిన సర్వర్ ఆ గుంపులో కంటికి ఆనదు.