కాలేజీలో ఆర్ట్ మ్యూజియం ఆర్ట్ విద్యార్థులకేనా?

అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నానని, మీ క్యాంపస్‌లో ఒక ఆర్ట్ మ్యూజియం ఉందని రాశారు. ఆర్ట్ హిస్టరీ జోలికి వెళ్లనివాళ్లకు దానివల్ల ఉపయోగం ఏమిటి, కాలేజీ దాని మీద అంత డబ్బు ఎందుకు పెడుతుంది అన్నది మీ ప్రశ్న. నేనూ అమెరికాలోనే ఒక చిన్న కాలేజీలో కెమిస్ట్రీ చదువుతూ మ్యూజియం స్టడీ రూమ్‌లో, అంటే బొమ్మలు తెప్పించుకుని దగ్గరగా చూసే గదిలో, పార్ట్‌టైమ్‌గా పనిచేశాను. అక్కడ నేను చూసింది చెప్తాను.

గోడల మీద కనిపించేది మ్యూజియంలో కొద్ది భాగమే. చాలావరకు స్టోరేజీలో ఉంటుంది, ముఖ్యంగా ప్రింట్లు (చెక్క మీదో లోహం మీదో చెక్కి కాగితం మీద అచ్చేసిన బొమ్మలు), డ్రాయింగులు, పాత ఫొటోలు. కాగితం మీది రంగు వెలుతురుకి ఒకసారి వెలిసిపోయిందంటే మళ్లీ రాదు. అందుకే వాటిని 50 లక్స్ లాంటి మసక వెలుతురులో కొన్ని నెలలు మాత్రమే ప్రదర్శించి మళ్లీ పెట్టెల్లో సర్దేస్తారు. పెద్ద మ్యూజియాల్లో కూడా అపాయింట్‌మెంట్ తీసుకుని ఇలాంటివి చూడొచ్చు. కానీ ప్రొఫెసర్ ముందుగా లిస్టు పంపితే, క్లాసు టైముకి అవన్నీ బల్ల మీద సిద్ధంగా ఉండటం, విద్యార్థులు పక్క బిల్డింగ్ నుంచి నడిచి వచ్చి చూడటం కాలేజీ మ్యూజియంలోనే కుదురుతుంది.

నా పని ఆ లిస్టు ప్రకారం బొమ్మలు తీసి పెట్టడం, తర్వాత జాగ్రత్తగా లోపల పెట్టడం. బ్యాగులు లాకర్లో పెట్టాలి, చేతులు కడుక్కుని తడి లేకుండా తుడుచుకోవాలి, పెన్ను వాడకూడదు, పెన్సిలే. మొదటిసారి వచ్చినవాళ్లు ఈ రూల్స్ వినగానే టెన్షన్ పడేవాళ్లు. కాసేపటికి అది పోయి, మనిషికీ బొమ్మకీ మధ్య అద్దం కూడా లేదన్న సంగతి వాళ్లకి అర్థమయ్యేది.

ఒక ఉదాహరణ చెప్తాను. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1830 ప్రాంతంలో మొదలుపెట్టిన ఫుజీ పర్వతం సిరీస్‌లోని ఒక ప్రింటును మా కెమిస్ట్రీ ప్రొఫెసర్ తెప్పించారు. స్క్రీన్ మీద గోడంత కనిపించే ఆ బొమ్మ నిజానికి దాదాపు 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆయన చాలాసేపు ఏమీ చెప్పలేదు. ఏం కనిపిస్తోంది అని మాత్రం అడిగారు. గీతలు నల్లగా కాదు, నీలంగా ఉన్నాయని ఒకమ్మాయి అంది. అక్కడి నుంచి క్లాసు కదిలింది. ఆ నీలం ప్రష్యన్ బ్లూ. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన ఇనుము సమ్మేళనం. దానికి అంత గాఢమైన రంగు ఎందుకు, ఇనుము పరమాణువుల మధ్య ఎలక్ట్రాన్ ఎలా మారుతుంది అన్నవి మేం అప్పటికే పుస్తకంలో చదివినవే. కానీ ఆ రోజు ప్రశ్న మా నుంచి వచ్చింది. అదే ప్రింటును తర్వాత ఎకనామిక్ హిస్టరీ క్లాసుకు కూడా తీసి పెట్టాను. యూరప్‌లో కనిపెట్టిన రంగు, విదేశీ వ్యాపారాన్ని గట్టిగా కట్టడి చేసిన జపాన్‌కి ఎలా చేరింది అన్నది వాళ్ల చర్చ. డచ్చివాళ్లూ చైనా వర్తకులూ నాగసాకి రేవులో దించిన సరుకు దాకా వెళ్లింది ఆ గంట.

నా ఉద్దేశంలో మ్యూజియం చేసే అసలు పని ఇదే. కళ్లకు కనిపించినదాన్నీ, మనం ఊహించుకున్నదాన్నీ వేరు చేయడం నేర్పిస్తుంది. ఎవరైనా ‘ఈవిడ బాధలో ఉంది’ అంటే, అలా ఎందుకనిపించింది, బొమ్మలో ఎక్కడ కనిపించింది అని వెంటనే అడుగుతారు. జవాబు బొమ్మలోంచే రావాలి. కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు మీరు చేసేదీ ఇలాంటిదే కదా.

డాక్టర్లు దీన్ని చాలా ముందే పట్టుకున్నారు. యేల్ యూనివర్సిటీ మెడికల్ విద్యార్థులను అక్కడి బ్రిటిష్ ఆర్ట్ సెంటర్‌కు తీసుకెళ్లి పెయింటింగ్‌లను వర్ణించమన్నారు. అలా సాధన చేసినవాళ్లు రోగుల ఫొటోల్లో వివరాలను మిగతావాళ్ల కంటే బాగా గుర్తించారని 2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో అచ్చయింది. హార్వర్డ్‌లో జెన్నిఫర్ రాబర్ట్స్ అనే ప్రొఫెసర్ తన విద్యార్థులను ఒకే బొమ్మ ముందు మూడు గంటలు కూర్చోమంటారు. ఆవిడ స్వయంగా అలా చూసిన బొమ్మ, ఉడుతతో ఉన్న ఒక కుర్రాడిది. దాన్ని అమెరికన్ చిత్రకారుడు కోప్లీ 1765లో చిత్రించాడు. ఆ కుర్రాడి చెవి ఆకారమే ఉడుత పొట్ట మీది బొచ్చు అంచులోనూ ఉందని గమనించడానికి ఆవిడకే తొమ్మిది నిమిషాలు పట్టిందట. నాకు ఆ మాట చాలా ధైర్యమిచ్చింది.

ఓబర్లిన్ కాలేజీది ఇంకా పెద్ద మనసు. 1940 నుంచి అక్కడ విద్యార్థులకు అసలు బొమ్మలనే అద్దెకిస్తున్నారు. సెమిస్టర్‌కి కొద్ది డబ్బు కడితే పికాసో ప్రింటు మీ హాస్టల్ గది గోడ మీద ఉండొచ్చు. దానికోసం పిల్లలు రాత్రంతా బయట క్యూలో పడుకుంటారు.

ఇక డబ్బు సంగతి. అమ్మితే కోట్లు వస్తాయి కదా అన్న ఆలోచన కాలేజీలకు రాకపోలేదు. 2009లో బ్రాండైస్ యూనివర్సిటీ తన రోజ్ ఆర్ట్ మ్యూజియాన్ని మూసి బొమ్మలు అమ్ముతామని ప్రకటించింది. విద్యార్థులూ దాతలూ గట్టిగా ఎదిరించారు, వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది, 2011లో రాజీ కుదిరి మ్యూజియం నిలిచింది. బొమ్మలు బల్ల మీదకు రాకుండా పెట్టెల్లోనే పడి ఉంటే అవి అమ్ముకునే ఆస్తిలాగే కనిపిస్తాయి. అన్ని డిపార్ట్‌మెంట్లూ వాడుకుంటున్న బొమ్మను అమ్ముతామంటే అన్ని డిపార్ట్‌మెంట్లూ అడ్డం నిలబడతాయి. అందుకే పెద్ద ఎగ్జిబిషన్ల మోజులో స్టడీ రూమ్‌ను పక్కన పెట్టే మ్యూజియాలను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మీరు చేయగలిగింది చాలా తేలిక. మ్యూజియం వెబ్‌సైట్‌లో కలెక్షన్ సెర్చ్ ఉందేమో చూడండి. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1514లో చెక్కిన ‘మెలంకోలియా’ ప్రింటు ఉంటే మొదట అదే అడగండి. అందులో పదహారు గళ్ల మ్యాజిక్ స్క్వేర్ ఉంది. ఏ వరుస కూడినా 34 వస్తుంది, కింది వరుస మధ్యలో 15, 14 పక్కపక్కన ఉండి ఆ సంవత్సరాన్నే చెప్తాయి. అది లేకపోతే మీకు నచ్చిన రెండు మూడు బొమ్మల నంబర్లు రాసుకుని స్టడీ రూమ్‌కి ఈమెయిల్ పెట్టండి. ఏ క్లాసు కోసమని రాయాలా అని ఆలోచించకండి. చూడాలనుంది అని రాస్తే మా దగ్గర అదే చాలిన కారణం.