ఆ నెయిలర్ పంపేశారంటే కేసు కూడా ఆ డబ్బాలోనే వెళ్లిపోతుంది

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 2024 ఏప్రిల్ 20, శనివారం నాడు బ్యాక్‌యార్డ్‌లో షెడ్ కట్టుకుంటూ, కొత్తగా కొన్న కార్డ్‌లెస్ ఫ్రేమింగ్ నెయిలర్‌తో గోడ ఫ్రేముకి మేకులు కొడుతున్నాను. ఒక మేకు దిగిందో లేదో, వెంటనే దానంతట అదే రెండో మేకు పేలి నా ఎడమ అరచేతిలో దిగింది. మా ఏడేళ్ల బాబు కళ్లముందే జరిగింది. వాడు ఇప్పటికీ డ్రిల్ శబ్దం వింటే ఏడుస్తాడు. రెండు సర్జరీల తర్వాత కూడా చూపుడువేలు పూర్తిగా వంగడం లేదు. కీబోర్డ్ మీద పని నరకంగా ఉంది. ఆసుపత్రి బిల్లు 68,000 డాలర్లు. కంపెనీ కస్టమర్ కేర్ వాళ్లు ఏడాదిన్నరగా 'రివ్యూలో ఉంది' అంటున్నారు. ఇప్పుడు ప్రీపెయిడ్ లేబుల్ పంపి, టూల్ తిరిగి పంపిస్తే కొత్తది, దాంతోపాటు 500 డాలర్ల గిఫ్ట్ కార్డ్ ఇస్తామంటున్నారు. ఉగాదికి ఇండియా వెళ్తున్నాం, మేలో వస్తాం. వచ్చాక కేసు వేయవచ్చా? అమ్మిన స్టోర్‌కి కూడా బుద్ధి చెప్పాలని ఉంది.

జవాబు: ముందు తేదీ సంగతి. మేలో మీరు వచ్చేసరికి ఈ కేసు ఉండదు. టెక్సస్‌లో ఒంటికి తగిలిన గాయానికి పరిహారం అడిగే దావా రెండేళ్లలోపు కోర్టులో పడాలి. సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్‌లో 16.003 సెక్షన్ అది. మేకు దిగిన క్షణానే మీకు గాయం తెలిసింది కాబట్టి, ఆలస్యంగా బయటపడిందనే వాదనకు చోటు లేదు. మీ ఆఖరి రోజు 2026 ఏప్రిల్ 20, సోమవారం. ఆ రోజుకి మీరు ఇండియాలో ఉంటారు.

కస్టమర్ కేర్‌తో మాట్లాడుతున్నంత కాలం గడువు ఆగిందని మీరు అనుకున్నట్టున్నారు. ఆగలేదు. వాళ్లు ఎంత మర్యాదగా ఈమెయిల్ రాసినా సరే, గడువు ఆగాలంటే ఇరుపక్షాలూ సంతకం పెట్టిన టోలింగ్ అగ్రిమెంట్ ఉండాలి. అది మీ దగ్గర లేదు. చదువుకున్నవాళ్లు, ఆఫీసులో ప్రతి డెడ్‌లైన్‌కీ క్యాలెండర్ పెట్టుకునేవాళ్లు, ఈ ఒక్క తేదీ కోసం లాయర్‌కి ఫోన్ చేయకుండా దాదాపు రెండేళ్లు ఎలా ఉండగలిగారు? ఆఖరి రోజున దావా వేసేస్తే చాలని కూడా అనుకోకండి. వేసిన తర్వాత ప్రతివాదికి సమన్లు అందించడంలో బద్ధకించినా ఇక్కడి కోర్టులు కేసును గడువు దాటినట్టే చూస్తాయి.

వారంటీ ఉల్లంఘన కింద నాలుగేళ్ల గడువు ఉందని మీకు ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, ఉంది. కానీ అది వస్తువు మీ చేతికొచ్చిన రోజు నుంచి లెక్క. పైగా వారంటీ కాగితంలో మినహాయింపులు ఉంటాయి. లోపం గురించి సకాలంలో తెలియజేశారా లేదా అనే తగవు వేరే ఉంటుంది. దాన్ని నమ్ముకుని రెండేళ్ల హక్కును వదులుకోవడం తెలివైన పని కాదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో ఎక్కువ భాగం నొప్పి గురించి, బాబు గురించి, కంపెనీ పొగరు గురించి ఉంది. అవి జ్యూరీ వినాల్సినవి. కేసు తేల్చే మాట మాత్రం మూడో పేజీ మధ్యలో ఉంది. పైన అచ్చు వేసిన ప్రశ్నలో స్థలం చాలక అది రాలేదు: 'స్పీడ్ కోసం మోడ్ స్విచ్ మార్చుకున్నాను, యూట్యూబ్‌లో అందరూ అలాగే కొడతారు.'

ఇలాంటి నెయిలర్లలో చాలావాటికి రెండు మోడ్‌లు ఉంటాయి. సీక్వెన్షియల్‌లో ముందు ముక్కును చెక్కకు ఆనించి నొక్కాలి, తర్వాత ట్రిగ్గర్ లాగాలి. ప్రతి మేకుకీ రెండూ వదిలి మళ్లీ మొదలుపెట్టాలి. బంప్ మోడ్‌లో ట్రిగ్గర్ లాగి పట్టుకుని ఉంటే చాలు, ముక్కు దేనికి తగిలితే అక్కడ మేకు పేలుతుంది. మేకు పేలగానే టూల్ వెనక్కి తంతుంది. అలా తన్ని మళ్లీ ముక్కు ఆనితే రెండో మేకు కూడా వెళ్లిపోతుంది. మీరు 'దానంతట అదే' అన్నది బహుశా ఇదే.

ఆ క్షణంలో స్విచ్ సీక్వెన్షియల్‌లో ఉండి రెండో మేకు పేలితే అది తయారీ లోపం. ఇంజనీరు టూల్ విప్పి చూపించగలిగితే కేసు బలంగా ఉంటుంది. బంప్‌లో ఉంటే మీరు నడపాల్సింది డిజైన్ లోపం కేసు. దానికి అదే కోడ్‌లోని 82.005 సెక్షన్ కింద ఇంతకంటే సురక్షితమైన డిజైన్ సాధ్యమేనని, దానివల్ల టూల్ ఉపయోగం పెద్దగా తగ్గదని, ఖర్చుపరంగా కూడా కుదిరేదేనని మీరే నిరూపించాలి. సీక్వెన్షియల్ మాత్రమే ఉండే ట్రిగ్గర్ అలాంటి డిజైనే. అప్పుడు కంపెనీ లాయర్ లేచి ఒక్కటే అడుగుతాడు: 'ఆ సురక్షితమైన మోడ్ మీ టూల్‌లోనే ఉంది కదా, దాన్ని తీసేసింది ఎవరు?'

ఇక్కడే శాతాల లెక్క వస్తుంది. టెక్సస్‌లో జ్యూరీ ఎవరి తప్పు ఎంతో శాతాల్లో పంచుతుంది. మీ వాటా 40 అయితే పరిహారంలో 40 శాతం కోత పడుతుంది. 50 దాటితే ఒక్క డాలరు కూడా రాదు. పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థలు ఓషా, నయోష్ కలిసి 2011లో కాంట్రాక్టర్ల కోసం వేసిన నెయిల్ గన్ గైడ్‌లో ఫుల్ సీక్వెన్షియల్ ట్రిగ్గరే వాడమని ఉంది. అది మీకు పనికొచ్చే మాట. మేకు కొట్టే చోటుకి చెయ్యి కనీసం 12 అంగుళాల దూరంలో ఉంచమని కూడా అందులోనే ఉంది. అది వాళ్లకి పనికొస్తుంది. మీ చెయ్యి ఎంత దూరంలో ఉందో మీరు రాయలేదు. మీ లాయర్ అడిగే మొదటి పది ప్రశ్నల్లో అది ఉంటుంది.

అందుకే ఆ ప్రీపెయిడ్ లేబుల్. 500 డాలర్ల కార్డుకి ఆశపడి టూల్ పంపారంటే, స్విచ్ ఏ స్థితిలో ఉందో, లోపల స్ప్రింగ్ అరిగిందో లేదో, ముక్కు సరిగ్గా వెనక్కి వస్తోందో లేదో చెప్పగల ఏకైక సాక్ష్యాన్ని ప్రతివాది చేతికి మీరే ఇచ్చినట్టు. కొత్తది తీసుకునేటప్పుడు క్లిక్ చేయమనే షరతుల్లో 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న వాక్యం ఉండొచ్చు. పంపకండి. క్లిక్ చేయకండి. 'టూల్ నా దగ్గర భద్రంగా ఉంది, మీ ప్రతినిధి సమక్షంలో పరీక్షకు సిద్ధం' అని ఒక్క లైను ఈమెయిల్ చేయండి, చాలు. ప్రమాదం ఎలా జరిగిందో అందులో వివరించవద్దు. ఏడాదిన్నరగా వివరించింది సరిపోతుంది.

అయితే 'భద్రంగా ఉంది' అని రాయాలంటే అది ముందు మీ ఇంట్లో ఉండాలి. ఫెన్స్ కొట్టుకోవడానికి మీ తోడల్లుడు పక్క ఊరు ప్లేనోకి తీసుకెళ్లాడని రాశారు. నా సర్వీసులో చాలా నిర్లక్ష్యాలు చూశాను గానీ, చేతిని పాడుచేసిన టూల్‌ని తోడల్లుడికి అరువివ్వడం కొత్త. 'ఈ రెండేళ్లలో ఎవరెవరు వాడారు, ఏం మార్చారు' అని వాళ్లు అడిగి తీరతారు. వెంటనే వెనక్కి తెచ్చుకోండి. ఆయన ఎన్నిసార్లు వాడారో, జామ్ అయితే విప్పారో, స్విచ్ ముట్టుకున్నారో అడగండి. ఆ జవాబు మీరు రాసిపెట్టకండి, నేరుగా లాయర్‌కి చెప్పండి. బ్యాటరీ తీసి, టూల్‌ని ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసి, ఒక డబ్బాలో పెట్టి టేపు వేయండి. తుడవకండి, ఆయిల్ వేయకండి, 'ఒకసారి మళ్లీ పేలుతుందేమో చూద్దాం' అని అసలే వద్దు.

దాంతోపాటు దొరికినవన్నీ తీయండి: మిగిలిన మేకుల స్ట్రిప్, మాన్యువల్, కొన్న రసీదు, ఆ రోజు మేకు కొట్టిన టూ-బై-ఫోర్ చెక్క ముక్క షెడ్‌లో ఎక్కడుందో చూపించే ఫొటో. డబ్బా ఉంటే ఇంకా మంచిది. కంపెనీ టూల్‌ని ఏ మోడ్‌లో అమ్మింది, డబుల్ ఫైర్ (ఇలా రెండో మేకు పేలడం) గురించి ఎంత స్పష్టంగా హెచ్చరించింది అన్నదే మీ వాటా శాతాన్ని తగ్గించగలదు. ఎమర్జెన్సీ రూమ్ రికార్డు మొత్తం తెప్పించుకోండి. వెళ్లగానే మిమ్మల్ని చూసిన ట్రయాజ్ నర్సుకి మీరు మొదట ఏం చెప్పారో అందులో రాసి ఉంటుంది. జ్యూరీ దాన్ని మీ ఇప్పటి మాటకంటే ఎక్కువ నమ్ముతుంది.

ఇంకోటి. ఆ సాయంత్రం కాలేజీ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో 'నా తప్పే రా, తొందరపడ్డాను' అని పెట్టారని, దాన్ని తీసేయవచ్చా అని చివర్లో అడిగారు. తీయకూడదు. ఆ మెసేజ్ మీకు ఎంత నష్టం చేస్తుందో చెప్పలేను గానీ, తీసేశారని తేలితే కోర్టు సాక్ష్యం నాశనం చేశారంటుంది. అప్పుడు మిగతా మాటలకి కూడా విలువ ఉండదు. మోడ్ గురించి అడిగితే గుర్తులేదనేయమని సలహా ఇచ్చే స్నేహితులు కూడా ఉంటారు. మీరు నాకు రాసిన ఉత్తరంలో గుర్తుంది కదా! ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం నేరం.

స్టోర్ సంగతి వదిలేయండి. తయారు చేయని అమ్మకందారు మీద 82.003 సెక్షన్ ప్రకారం మామూలుగా కేసు నిలబడదు. లోపం ముందే తెలిసి అమ్మారనో, టూల్‌ని వాళ్లు మార్చారనో, అలాంటిదేదైనా ఉంటే తప్ప. బుద్ధి చెప్పడానికి కోర్టు ఫీజు కట్టకండి.

డబ్బు గురించి కూడా మీ లెక్క తప్పు. 68,000 ఆసుపత్రి వేసిన బిల్లు. వైద్య ఖర్చు కింద టెక్సస్‌లో మీరు అడగగలిగేది నిజంగా కట్టిన, లేదా కట్టాల్సి ఉన్న మొత్తమే. మీ ఇన్సూరెన్స్ స్టేట్‌మెంట్లు చూస్తే అది చాలా తక్కువ ఉంటుంది. రేపు సెటిల్‌మెంట్ వస్తే హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లు కట్టింది వెనక్కి అడిగే అవకాశం ఉంది. వేలు వంగకపోవడం, దానివల్ల ఉద్యోగంలో వచ్చిన నష్టం, నొప్పి, ఇవే ఇందులో పెద్ద అంశాలు. హ్యాండ్ సర్జన్ దగ్గర వేలు శాశ్వతంగా ఎంత దెబ్బతిందో రాయించుకోండి. ఆఫీసులో మీ పని మార్చిన కాగితాలు ఉంటే జత చేయండి. ఇంజనీరు ఖర్చే వేల డాలర్లలో ఉంటుంది కాబట్టి, గెలిస్తే వాటా తీసుకునే పద్ధతిలో పనిచేసే ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువుల కేసులు చూసే) లాయర్ అయినా ముందు టూల్, స్విచ్, తేదీ చూసే ఒప్పుకుంటారు. ఒకరు కాదంటే అదే రోజు ఇంకొకరిని అడగండి. వాటా ఒప్పందం రాతపూర్వకంగా, సంతకాలతో ఉండాలి. నోటిమాట ఇక్కడ చెల్లదు.

వినియోగ వస్తువుల భద్రతా సంస్థకి సేఫర్‌ప్రొడక్ట్స్ డాట్ గవ్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఇదే మోడల్ మీద ఇతరులు రాసిన ఫిర్యాదులు కూడా అక్కడ వెతకండి, మీ లాయర్‌కి అవి పనికొస్తాయి. మీది మాత్రం లాయర్ చదివాకే పంపండి, ఎందుకంటే అది తయారీదారుకి కూడా వెళ్తుంది.

టికెట్లు మార్చుకోనక్కర్లేదు. దావా వేయడానికి మీరు ఊళ్లో ఉండాల్సిన పని లేదు. విమానం ఎక్కేముందు లాయర్ ఒప్పందం మీద సంతకం పెట్టి, సీలు వేసిన డబ్బా ఆయన ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకోండి. మార్చి నెలాఖరుకల్లా పిటిషన్ ఫైల్ అయిన కాపీ మీ ఈమెయిల్‌కి రాకపోతే, ఇండియా నుంచైనా సరే, రాత్రి మేలుకుని ఫోన్ చేయండి.